డివైడర్ దగ్గర పనివాళ్ళు కనిపిస్తే హారన్ కొట్టాలా, బ్రేకు వేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. చౌటుప్పల్‌లో ఉంటాం. నకిరేకల్ దగ్గర ఒక ఊళ్ళో టీచర్‌గా పని చేస్తున్నాను. కారు నేర్చుకుని ఏడాదిన్నర అయింది, విజయవాడ హైవే మీద రోజూ నేనే నడుపుకుంటూ వెళ్తాను. పోయిన వారం పొద్దున ఏడున్నరకు, చిట్యాల దాటాక, కుడి లేన్‌లో 80 మీద ఉన్నాను. డివైడర్ అంచున ఒకామె వంగి కలుపు తీస్తోంది. బాగా దగ్గరికి వచ్చేదాకా నాకు కనిపించలేదు. గట్టిగా హారన్ కొట్టాను. ఆమె ఉలిక్కిపడి లేచి, ఒక అడుగు వెనక్కి, రోడ్డు మీదికే వేసింది. సడన్ బ్రేకు వేసి ఎడమకు తిప్పాను. వెనక వస్తున్న లారీ కొద్దిలో తప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఆ రోజు నుంచి కారు తీయలేదు, బస్సులో వెళ్తున్నాను. మా ఆయన "హైవే మీద స్లో చేయడమే ప్రమాదం, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోవాలి, తప్పుకోవడం వాళ్ళ పని" అంటారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు "ఇక్కడైతే పనివాళ్ళ దగ్గర స్పీడుగా వెళ్తే ఫైన్ డబుల్" అంటాడు. ఎవరి మాట వినాలి? ఆమెను వెతికి సారీ చెప్పాలని కూడా ఉంది. (పేరు రాయవద్దన్నారు.)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో బ్రేకు గురించి, లారీ గురించి చాలా రాశారు. హారన్ గురించి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. నా చూపు అక్కడే ఆగింది. ఇరవై రెండేళ్ళు రోడ్డు పనుల్లో సైట్ ఇంజనీరుగా చేశాను. డివైడర్ దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు హారన్ ఎలా వినిపిస్తుందో మీకు చెప్పాలి.

ఒకసారి ఆమెను గుర్తుచేసుకోండి. చీర మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, దాని మీద నారింజ రంగు జాకెట్, నెత్తికీ చెవులకూ కలిపి చుట్టిన తువ్వాలు. అంతేనా? ఎండకూ దుమ్ముకూ అలా చుట్టుకుంటారు. ఆ తువ్వాలులోంచి హారన్ వినిపిస్తుంది గానీ ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. పైగా ఆ రోడ్డు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హారన్లే. తొంభై తొమ్మిది హారన్లు పట్టించుకోని మనిషి నూరోది వీపు వెనకే మోగితే దడుచుకుంటుంది. వంగి ఉన్న మనిషి దడుచుకుంటే ముందు నడుము ఎత్తుతుంది, తూలకుండా కాలు వెనక్కి వేస్తుంది. ఆమె మొహం డివైడర్ వైపు ఉంది, కాబట్టి వెనక అంటే మీ లేనే. ఆమె నిర్లక్ష్యంగా రోడ్డు మీదికి రాలేదు. మీ హారన్ ఆమెను అక్కడికి తెచ్చింది.

నొచ్చుకోకండి, నిందించడానికి చెప్పడం లేదు. మన దగ్గర డ్రైవింగ్ నేర్పేవాళ్ళు స్టీరింగ్ కంటే ముందు హారన్ చూపిస్తారు. చాలా దూరంలో ఉండగా ఒకసారి పొట్టిగా కొడితే తప్పులేదు. దగ్గరికి వచ్చాక కొట్టే పొడుగు హారన్ మాత్రం పనివాళ్ళ దగ్గర పనికిరాదు. గడ్డి కోసే మిషన్ భుజానికి తగిలించుకున్నవాడికైతే దూరంగా కొట్టినా, దగ్గరగా కొట్టినా ఏదీ వినపడదు. తారు వేసే చోట రోలర్ పక్కన నిలబడ్డవాళ్ళ సంగతీ అంతే. కాబట్టి ఒక్కటే పెట్టుకోండి: రోడ్డు మీద పనిచేసే మనిషికి నా కారు వస్తున్నట్టు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది.

ఇక బ్రేకు. 80 మీద వెళ్తుంటే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. కంటికి కనిపించింది బుర్రకెక్కి, కాలు బ్రేకు మీద పడేదాకా రెండున్నర సెకన్లు పడుతుందని, మన రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క కడుతుంది. అంటే 55 మీటర్లు బ్రేకు లేకుండానే అయిపోతాయి. పూర్తిగా ఆగడానికి 80 దగ్గర 120 మీటర్లు, 100 దగ్గర 180 మీటర్లు కావాలని వాళ్ళ ప్రమాణం. 50 దగ్గరైతే 60 మీటర్లు చాలు. ఈ అంకెలు కాగితం మీద అర్థం కావు, రోడ్డు మీదే అర్థమవుతాయి. కిలోమీటరు రాళ్ళ మధ్య 2, 4, 6, 8 అని రాసిన చిన్న రాళ్ళుంటాయి చూడండి, అవి 200 మీటర్లకు ఒకటి. 100 మీద వెళ్ళేవాడు బ్రేకు వేయాలనుకున్నాక ఆగేది దాదాపు తర్వాతి చిన్న రాయి దగ్గరే. మీరు ఆమెను ఎంత దూరంలో చూశారో రాయలేదు. "బాగా దగ్గరికి" అంటే 50, 60 మీటర్లు అనుకుంటున్నాను. అంత దగ్గర చూసి కూడా ఆమెను తప్పించగలిగారంటే పక్క లేన్ ఖాళీగా ఉండబట్టి. రోజూ ఖాళీగా ఉండదు.

ఎందుకు అంత ఆలస్యంగా కనిపించిందో మీకు తట్టిందో లేదో. చౌటుప్పల్ నుంచి నకిరేకల్ అంటే పొద్దున మీరు తూర్పు, ఆగ్నేయాల వైపు వెళ్తారు. ఏడున్నరకు సూర్యుడు సరిగ్గా మీ కళ్ళలో ఉంటాడు. సాయంత్రం తిరిగి వస్తే పడమటి ఎండ. రెండు పూటలా ఎదురెండే పడే ఉద్యోగం మీది! ఆమె వెనక నుంచి వెలుతురు వస్తుంటే మీకు కనిపించేది నల్లటి నీడ మాత్రమే. జాకెట్ ఎంత నారింజగా ఉన్నా ఉపయోగం లేదు. దాని మీది మెరిసే పట్టీ హెడ్‌లైటు పడితే తిరిగి మెరిసేదే తప్ప దానికదే వెలిగేది కాదు. దుమ్ము, తారు పట్టి నాలుగు నెలల్లో ఆ మెరుపూ పోతుంది. కొత్త జాకెట్ల కోసం నేను పెట్టిన ఇండెంట్లు ఎన్ని ఫైళ్ళలో నిద్రపోయాయో లెక్కలేదు. అది వేరే కథ.

దీనికి మీరు చేయగలిగింది ఉంది. ముందు అద్దం లోపలి వైపు తుడవండి. బయట అందరూ తుడుస్తారు, లోపల పేరుకున్న సన్నటి పొర ఎవరికీ గుర్తుండదు. ఎండ ఎదురుగా పడినప్పుడు కళ్ళు చెదిరిపోయేది ఆ పొర వల్లే ఎక్కువ. సన్ వైజర్ దించండి. అంతకంటే ముఖ్యం, ఎదురెండ ఉన్నంతసేపు కుడి లేన్ వదిలేయండి. ఓవర్‌టేక్ చేయడానికి తప్ప ఆ లేన్‌తో మీకు పని లేదు. డివైడర్ పనివాళ్ళందరూ ఉండేది దాని పక్కనే.

ఆ డివైడర్ పని ఏమిటో కూడా చెప్పనివ్వండి. గన్నేరు, కాగితం పూల మొక్కలు అందం కోసమే పెట్టారని చాలామంది అనుకుంటారు. రాత్రి ఎదురుగా వచ్చే బండ్ల హెడ్‌లైట్లు మన కళ్ళలో పడకుండా ఆపే తెర ఆ వరస. మొక్క ఎండిపోయి ఖాళీ వచ్చిన చోట లైటు ఎలా పొడుస్తుందో రాత్రి నడిపినవాళ్ళకు తెలుసు. ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకర్ కుడి లేన్‌లోనే నడిచినంత మెల్లగా పోతూ, ఒకడు పైపు పట్టుకుని తడుపుతూ ఉండటం చూసి విసుక్కునేవాళ్ళు రాత్రికి ఆ తెర వెనకే హాయిగా ఇంటికి వెళ్తారు.

ఆ ట్యాంకర్‌తో కలుపు తీసే మనిషి కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. మన ముందు అదే లేన్‌లో ఉన్న పెద్ద బండి కదులుతోందా, ఆగి ఉందా అనేది దూరం నుంచి కన్ను పట్టుకోలేదు. అది వెళ్తోందిలే అనుకుంటాం. ఆగి ఉందని తెలిసేసరికి దగ్గరికి వచ్చేసి ఉంటాం. "ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు" అనే వార్త పేపర్లో వారం వారం ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పైపు పట్టుకున్న మనిషి ట్యాంకర్‌కు ముందు ఉంటాడో, డివైడర్ ఎక్కి ఉంటాడో మీకు కనిపించదు. కాబట్టి ట్యాంకర్ వెనక దాకా వెళ్ళి లేన్ మారడం కాకుండా, కనిపించగానే మారండి.

మీ ఆయన మాట దగ్గరికి వస్తున్నాను. హైవే మీద ఉన్నట్టుండి స్లో చేయడం ప్రమాదమే, అది ఆయన సరిగ్గానే అన్నారు. వెనక లారీ మీకు దాన్ని చూపించింది కూడా. కానీ దాని నుంచి ఆయన తీసిన అర్థం తలకిందులుగా ఉంది. ఉన్నట్టుండి స్లో చేయకుండా ఉండాలంటే ముందే స్లో చేయాలి. కోన్లు, జెండా, పసుపు లైటు, గుంపుగా నారింజ రంగు, ఏది కనిపించినా ఆ క్షణమే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. మధ్య అద్దంలో చూడండి. బ్రేకు పెడల్‌ను రెండుసార్లు మెత్తగా తాకించండి, వెనకవాడికి ఎర్ర లైటు మినుకుమంటుంది. బాగా దగ్గరగా తరుముకొస్తుంటే రెండు మూడు సెకన్లు నాలుగు ఇండికేటర్లూ వేసి తీసేయండి. తీసేయడం మరిచిపోవద్దు. నాలుగూ వెలుగుతుంటే మీరు ఎడమకు వెళ్తున్నారో కుడికి వెళ్తున్నారో ఎవరికీ తెలియదు. తర్వాత ఎడమ ఇండికేటర్, ఎడమ అద్దం, భుజం మీంచి ఒక చూపు, లేన్ మార్పు. ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేసే బస్సులు, అంచున రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు మన రోడ్లకు మామూలే కాబట్టి ఆ చూపు మానకండి. పని ఎడమ అంచున జరుగుతుంటే ఇదంతా తిరగేసి చేయాలి.

పక్క లేన్ ఖాళీ లేకపోతే? స్పీడు ఇంకా తగ్గించండి. 40కి దిగినా నష్టం లేదు. ఒక కిలోమీటరు పని జరుగుతోందనుకుందాం, 80 బదులు 40లో వెళ్తే పోయేది 45 సెకన్లు. మీ స్కూల్లో ప్రార్థన కూడా అంతలో అవదు.

ముందే బ్రేకు వేయమనడానికి ఇంకో కారణం ఉంది. ఇది పుస్తకంలో దొరికింది కాదు. మా జట్టులో ఎర్ర జెండా పట్టుకునే పెద్దాయన ఒకడుండేవాడు. ఏళ్ళ తరబడి రోడ్డుకు ఎదురుగా నిలబడ్డ మనిషి. "బండి ఆగుతుందో లేదో నీకెలా తెలుస్తుంది, డ్రైవర్ మొహం చూస్తావా?" అని ఒకసారి అడిగాను. "అద్దంలో మొహం ఏం కనిపిస్తుంది సార్? బండి మూతి చూస్తా. మూతి వంగితే బ్రేకు వేసినట్టు. వంగకపోతే ఈల వేసి మనోళ్ళందర్నీ డివైడర్ ఎక్కిస్తా" అన్నాడు. అప్పటి నుంచి నేను రోడ్డు మీద నడుపుతుంటే ఆయన చూస్తున్నట్టే ఉంటుంది. మీరు దూరంలోనే స్లో చేస్తే మీ కారు మూతి వంగడం జెండా మనిషికి కనిపిస్తుంది. చివరిదాకా వేగంగా వచ్చి చివర్లో కొట్టే బ్రేకుతో మీరు ఆగినా, అతను అప్పటికే ఈల వేసి ఉంటాడు, పదిమంది పరిగెత్తి ఉంటారు. పరిగెత్తేవాళ్ళలో ఎవరో ఒకరు తప్పు వైపు పరిగెడతారు.

తప్పంతా నడిపేవాళ్ళదే అని నేననను. పని మొదలయ్యే చోటుకు చాలా ముందే హెచ్చరిక బోర్డు, తర్వాత లేన్‌ను ఏటవాలుగా మూసే కోన్ల వరస, తర్వాత పని చోటు, అది అయిపోయిందని చెప్పే బోర్డు, ఇలా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ విడిగా ఒక మార్గదర్శక పుస్తకమే వేసింది. నేనే ఒకసారి కోన్లు సరిపోక, పది కోన్లను పాతిక మీటర్లలో సర్ది పని కానిచ్చాను. పెద్ద బండి ఒకటి టైర్లు అరుస్తూ వచ్చి ఆఖరి కోన్‌ను చదునుగా నలిపి ఆగింది. ఆ సాయంత్రం అన్నం దిగలేదు. మీరు చూసిన చోట ఒక్క కోన్ కూడా లేదేమో. కలుపు తీసే పని "చిన్న పని" అని బోర్డు పెట్టకుండా మనుషుల్ని దించేయడం చాలాచోట్ల ఉంది. ఇంకోచోట పని అయిపోయి నెలైనా బోర్డు అలాగే ఉంటుంది, దాన్ని చూసి చూసి జనం నిజం బోర్డును కూడా నమ్మరు. మన రోడ్ల మీద అన్నిటికంటే నమ్మదగిన బోర్డు పచ్చి చెట్టు కొమ్మే. రోడ్డు మీద కొమ్మ పడి ఉందంటే ముందు బండి చెడిపోయిందో, గుంత తవ్వారో, ఏదో ఉందన్నట్టే. కొమ్మ కనిపిస్తే ఆలోచించకుండా స్పీడు తగ్గించండి. బోర్డు లేకుండా పని జరుగుతుంటే, స్కూలుకు చేరాక 1033కి ఫోన్ చేసి దగ్గరి కిలోమీటరు రాయి నంబర్ చెప్పండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. నడుపుతూ మాత్రం చేయకండి. 80 మీద ఫోన్ వైపు మూడు సెకన్లు చూస్తే 66 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే.

చలికాలంలో చీకటితో బయల్దేరే రోజులుంటే ఒక మాట. డిమ్ లైటులో మనకు స్పష్టంగా కనిపించేది 50 మీటర్ల చుట్టుపక్కలే. ఇందాకటి లెక్క గుర్తుందిగా, 80 మీద ఆగడానికి 120 కావాలి. ఇక పొగమంచులో ఆ మాత్రం కూడా కనిపించదు. ఆ వేళల్లో ఊళ్ళ దగ్గర చీపుళ్ళతో ఊడ్చేవాళ్ళుంటారు. కోతల కాలంలో వడ్లు ఆరబోసి, వాటి పక్కనే పడుకున్నవాళ్ళుంటారు. రోడ్డు మీద వడ్లు పోయడం తప్పే అయినా పడుకున్న మనిషికి ఆ వాదన అక్కర్లేదు.

మీ తమ్ముడు చెప్పింది నిజం. డాలస్ ఉన్న టెక్సస్‌ రాష్ట్రంలో పనివాళ్ళు రోడ్డు మీద ఉన్నప్పుడు ఆ చోట తప్పు చేస్తే జరిమానా రెట్టింపు. లైట్లు వేసుకుని ఆగి ఉన్న అత్యవసర వాహనాలకు ఒక లేన్ వదిలి పక్కకు జరగాలి, లేదా స్పీడు తగ్గించాలి అనే చట్టం అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఉంది, చాలా రాష్ట్రాల్లో రోడ్డు పని బండ్లకూ వర్తిస్తుంది. మీ ఆయనకు అక్కడి సంగతి ఇంకొకటి చెప్పండి: అమెరికాలో రోడ్డు పనుల దగ్గర జరిగే ప్రమాదాల్లో చనిపోయేవాళ్ళలో ఐదుగురిలో నలుగురు పనివాళ్ళు కాదు, బండ్లలో వెళ్ళేవాళ్ళు. ఆగి ఉన్న బండ్ల వెనక గుద్దుకునే, మూసిన లేన్‌లోకి దూసుకుపోయేవాళ్ళు. తప్పుకోవడం వాళ్ళ పని అంటే సరిపోదు.

మీరు అడగలేదు కానీ, ఒకవేళ ఎప్పుడైనా తగిలితే? ఆగండి. 108కి ఫోన్ చేయండి. గాయపడ్డవాళ్ళకు వైద్యం అందేలా చూడటం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ బాధ్యత. జనం మీద పడి కొడతారన్న పరిస్థితి ఉంటే అక్కడి నుంచి తప్పుకోవడాన్ని ఆ సెక్షనే అర్థం చేసుకుంటుంది, కానీ నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి చెప్పాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025లో వచ్చింది. ఆసుపత్రిలో ఆ మాట గుర్తుచేయండి.

ఇక మళ్ళీ కారు ఎలా తీయాలి? బస్సులో వెళ్తున్నందుకు సిగ్గుపడకండి, ఒక వారం ఆగినా మంచిదే. ఆదివారం ఎండ పైకెక్కాక, పదింటికి, మీ ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని అదే దారిన నార్కట్‌పల్లి దాకా వెళ్ళి రండి. ఎడమ లేన్, 60. చిన్న రాయి కనిపించగానే ఆయన్ని "బ్రేకు" అనమనండి, వెనక ఎవరూ లేకపోతే మెత్తగా స్లో చేస్తూ తర్వాతి రాయి ఎంత దగ్గరికి వస్తుందో ఇద్దరూ చూడండి. నేను రాసిన పేజీల కంటే ఆ ఒక్క గంట ఆయనకు బాగా ఎక్కుతుంది. సోమవారం పది నిమిషాలు ముందు బయల్దేరండి. చేతులు వణికితే పక్కన పెట్రోల్ బంకులోకి తిప్పి ఆపుకోండి, హైవే అంచున మాత్రం ఆపకండి.

ఆమెకు సారీ చెప్పాలన్నారు. చెప్పండి, ఎందుకు వద్దంటాను? ఆ జట్లు తొమ్మిది, పది మధ్య సద్దులు విప్పుకుంటాయి, సాధారణంగా సర్వీస్ రోడ్డు పక్కన ఏదో చెట్టు కింద. సెలవు రోజున వెళ్ళి సర్వీస్ రోడ్డులోనే ఆపండి. అరటిపళ్ళు పట్టుకెళ్ళండి, మేస్త్రీని అడిగితే ఆమె ఎవరో చెప్తాడు. ఆమె ఇంకా డివైడర్ దగ్గరే పనిలో ఉంటే మాత్రం చెట్టు కిందే కూర్చుని ఆగండి. దూరం నుంచి చెయ్యెత్తి పిలవకండి, రోడ్డు దాటి మీ దగ్గరికి వచ్చేస్తుంది.